అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలో మాకు ఏడుస్తున్న ఆడమనిషి కనపడుతోంది, వేసిన మా అమ్మాయేమో ఎవరూ లేరంటోంది

హంద్రీ_ఒడ్డు, కర్నూలు

ఏ మనిషినీ గీయని బొమ్మలో చూసినవాళ్లందరికీ ఒకే మనిషి కనపడితే, ఆ మనిషి బొమ్మలో ఉన్నట్టా, మా బుర్రల్లో ఉన్నట్టా? బొమ్మల గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకే సూటిగా అడుగుతున్నా.

మా అమ్మాయి కడపలో బీఎఫ్‌ఏ, అంటే బొమ్మలు వేయడం నేర్పే డిగ్రీ, చదువుతోంది. ఈసారి సెలవులకు వస్తూ తను వేసిన ఒక పెద్ద కాన్వాస్ తెచ్చింది, తలుపులో సగం ఉంటుంది. హాల్లో టీవీకి ఎదురుగోడకు తగిలించాం. ఫొటో పెట్టొద్దని చెప్పింది కాబట్టి మాటల్లోనే చెప్తా. బొమ్మంతా బూడిద రంగు, అక్కడక్కడ ముదురు నీలం. ఎడమ పక్క కింద నుంచి ఇటుక ఎరుపులో ఒక వెడల్పాటి పట్టీ పైకి లేచి, సగం దూరం పోయాక కుడివైపుకి వంగుతుంది. ఆ వంపు చివర, కొంచెం కిందికి వాలినట్టు, లేత గోధుమ రంగులో ఒక గుండ్రటి మరక. మరక కింద తెల్ల రంగు సన్నగా కారి ఎండిపోయింది. అంతే. కన్ను లేదు, ముక్కు లేదు, చెయ్యి లేదు.

మా అత్త వచ్చి సోఫాలో కూర్చుని కాసేపు దాన్నే చూసి "ఎవరే ఆ పాప, అట్లా తల వంచుకొని ఏడుస్తోంది" అంది. అప్పటిదాకా నాకు రంగులు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె అన్నాక ఆ మనిషి తప్ప ఇంకేమీ కనపడటం లేదు. నా భార్యకూ అంతే, పై పోర్షన్ వాళ్లకూ అంతే. అమ్మాయికి మాత్రం కోపం వచ్చింది. "అవ్వా, అందులో ఎవరూ లేరు, అది అబ్‌స్ట్రాక్ట్" అంటుంది. ఎవరూ లేకపోతే ఆ కన్నీళ్లెందుకని నేనంటే "అవి కన్నీళ్లు కాదు నాన్నా, రంగు కారింది" అంటుంది.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఒకరిద్దరు నన్ను పక్కకు పిలిచి "పాపకు హాస్టల్లో ఏమన్నా బాధ ఉందేమో కనుక్కోండి, ఇట్లాంటి బొమ్మలు ఊరికే వేయరు" అన్నారు. పిల్ల చూస్తే బాగానే తింటోంది, నవ్వుతోంది, ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుతోంది. అయినా ఆ మాట విన్నప్పటినుంచి నా భార్యకు ఒకటే టెన్షన్. బొమ్మలో దిగులుంటే వేసినవాళ్లకూ దిగులున్నట్టేనా? ఇట్లాంటివి చూడటానికి ఏదన్నా పద్ధతి ఉందా, ఎవరికి తోచింది వాళ్లు అనుకోవడమేనా? గూగుల్ చేసుకోమని మాత్రం చెప్పొద్దు, చేశాను, ఉన్న గందరగోళం ఇంకా పెరిగింది.

బొగ్గుముక్క, అనంతపురం

అన్నా, ముందు మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. ఎగ్జిబిషన్‌కు వచ్చి, బొమ్మ పక్కన అంటించిన కాగితం చదివి తల ఊపి పోయేవాళ్లకంటే ఆమె బాగా చూసింది. నేను డ్రాయింగ్ మాస్టర్ని, నాకు తెలిసినంత చెప్తా, కొంచెం పొడుగవుతుంది ఓపిక పట్టండి.

మీ మాటల్ని బట్టే ఆ మనిషి ఎట్లా వచ్చిందో చెప్పొచ్చు. నిలువుగా లేచే ఒక ముద్ద, దాని పైన అంతకంటే చిన్నగా గుండ్రంగా ఇంకొకటి, రెండింటి మధ్య ఒక వంపు. ఇవి దొరికితే మనకు ఒళ్లు, తల, మెడ దొరికినట్టే, ముఖంతో పని లేదు. దూరంగా నడిచిపోయే మనిషి ముఖం కనపడకముందే భుజాలు చూసి ఏదో జరిగిందని మనం కనిపెడతాం కదా. అందుకే ఇట్లాంటి బొమ్మల్లో భావం ఎక్కువగా ఒంటి తీరు నుంచి వస్తుంది. బరువు ఎటు వాలింది, ఆనుకోవడానికి కింద నేలలాంటిది ఏమన్నా ఉందా, చుట్టూ ఎంత ఖాళీ ఉంది, ఇవి చూడాలి. మీరు చెప్పిన పట్టీ ఎడమ పక్కకు ఒదిగి ఉంది, కుడివైపంతా ఖాళీ బూడిద రంగు. ఒంటరిదన్న భావం అక్కడ పుట్టింది. అదే పట్టీ కాన్వాస్ నడిమధ్యలో నిటారుగా లేచి ఉంటే మీ అత్తగారు ఏడుస్తోందని అనేవారు కాదు, "ఎవరీ దొరసాని" అనేవారు.

ఇంకో సంగతి. అన్నిటినీ అబ్‌స్ట్రాక్ట్ అనే అంటాం గానీ వేసేవాళ్ల దారులు వేరు. కొందరు మనిషితో మొదలుపెట్టి తీసేస్తూ పోతారు, కొంత తీసి ఆగుతారు. తయ్యబ్ మెహతా అట్లాంటివాడు. 1947 దేశ విభజన అల్లర్లలో బొంబాయిలో తమ ఇంటి ముందు వీధిలో ఒక మనిషిని గుంపు కొట్టి చంపుతుంటే కిటికీలోంచి చూశాడు, అది ఆయన్ని జీవితాంతం వదల్లేదు. కింద పడిపోతున్న మనుషులు, ముక్కలైన కాళ్లు చేతులు, 1969 తర్వాతైతే కాన్వాస్‌ను ఏటవాలుగా నరికినట్టు ఒక పట్టీ. రంగులు మాత్రం ఎక్కడా మరక లేకుండా చదునుగా, శుభ్రంగా ఉంటాయి. ముఖాల్లో పెద్దగా ఏమీ ఉండదు, అయినా ఆ బొమ్మ ముందు నిలబడితే కడుపులో దేవినట్టు ఉంటుంది. అమెరికాలో విలెం డి కూనింగ్ 1950 నుంచి 1952 దాకా ఒకే కాన్వాస్ మీద ఒక ఆడమనిషిని వేస్తూ, గీకేస్తూ, మళ్లీ వేస్తూ, ఒక దశలో విసుగొచ్చి పక్కన పడేశాడు కూడా. ఒక విమర్శకుడు చూసి బాగుందంటే మళ్లీ పట్టుకుని ముగించాడు. అది న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ పళ్లు చూస్తే నవ్వుతోందో కరవబోతోందో ఇప్పటికీ తేల్చలేం.

ఇంకొందరిలో మనిషి పూర్తిగా వెళ్లిపోయి భావం మాత్రం మిగులుతుంది. రామ్ కుమార్ మొదట్లో పట్నంలో ఉద్యోగాల్లేక దిగులుగా నిలబడ్డ మనుషుల్ని వేసేవాడు. 1960 ప్రాంతంలో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీకి పోయి వచ్చాక బొమ్మల్లోంచి మనుషులు మాయమయ్యారు, ఇళ్లు, మెట్లు, నీళ్లు రంగు పలకలైపోయాయి. దిగులు మాత్రం పోలేదు. ఇక గాయ్‌తోండే ఉన్నాడు, మనిషీ వద్దు, కథా వద్దు అన్నవాడు. ఆయన బొమ్మలో మీరు ఎవర్నన్నా వెతికితే ఆ తప్పు మీదే.

కాబట్టి అమ్మాయిని "ఎవరు" అని అడగొద్దు. ఎక్కడ మొదలుపెట్టావు, మధ్యలో ఏం చెరిపేశావు, ఎక్కడ చూసి ఇక చాలనుకున్నావు అని అడగండి. వేసేవాళ్లు ఇట్లాంటి ప్రశ్నలకు గంటసేపు జవాబు చెప్తారు, "దీని అర్థం ఏంది" అంటే మాత్రం ముఖం ముడుచుకుంటారు.

ఈలోపు ఒక పని చేయండి. అమ్మాయిని అడిగి బొమ్మను తలకిందులుగా తిప్పి గోడకు ఆనించి పెట్టండి. మనిషి పోయినా మీకు ఆ బరువు, దిగులు అట్లాగే అనిపిస్తే అది రంగుల్లో ఉందని అర్థం. మనిషితో పాటు దిగులు కూడా ఎగిరిపోతే అది ఆ వంపులో ఉంది. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు మొదట వేసినవాళ్లలో ఒకడైన రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ ఒక సాయంత్రం తన గదిలోకి వస్తే పక్కకు ఆనించి పెట్టిన ఒక బొమ్మ కనపడింది, ఏంటో తెలియలేదు గానీ అద్భుతంగా ఉందనుకున్నాడు, దగ్గరికి పోతే అది తన బొమ్మే, అడ్డంగా నిలబెట్టి ఉంది. అందులో వస్తువు గుర్తుపట్టగలగడమే తన బొమ్మకు అడ్డమని అప్పుడు ఆయనకు అనిపించిందట. అయినా ఆయన 1910 తర్వాతి బొమ్మల్లో కూడా రంగుల కింద గుర్రపు రౌతులు, పడవలు దాక్కునే ఉంటాయి. తీసేద్దామనుకున్నవాడికే పూర్తిగా పోలేదు చూడండి.

గుత్తి_రోడ్డు

మాస్టారూ, వినడానికి బాగుంది గానీ నాకు ఇదంతా బెలుం గుహల్లో గైడ్ చెప్పినట్టుంది. టార్చ్ వేసి "అదిగో సింహం తల, ఇదిగో మర్రి ఊడలు" అంటాడు, అప్పటిదాకా రాయి మాత్రమే చూసిన మనమంతా "అవునవును" అంటాం. నీళ్లు కారి రాయి అరిగింది, అంతకుమించి ఏముంది అక్కడ? ఈ బొమ్మ కూడా అంతే, రంగు కారింది, అవ్వ సింహం చూపించింది. అమ్మాయే ఎవరూ లేరని చెప్తుంటే ఉందని వాదించడం ఏం న్యాయం? ఎవరు ఏం చెప్పినా సరే అనుకుంటే ఇక ఆ బొమ్మకూ, వానకు తడిసిన సున్నపు గోడకూ తేడా ఏంది?

ప్రొద్దుటూరు_లెక్చరర్

గోడ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మరకలు పడ్డ గోడల్ని తదేకంగా చూడండి, కొండలు, యుద్ధాలు, మనుషులు కనపడతారని చిత్రకారులకు సలహా ఇచ్చింది లియొనార్డో డావిన్సీ. అంటే గోడను తక్కువ చేయకండి :)

నేను సైకాలజీ చెప్తాను. మనిషి మెదడు ముఖాల్ని, ఒంటి కదలికల్ని పట్టుకోవడంలో చాలా ఆత్రంగా ఉంటుంది. పుట్టిన కాసేపటికే పసిబిడ్డలు మామూలు గీతలకంటే ముఖంలా పేర్చిన గీతల వైపు ఎక్కువ చూపు తిప్పుతారు. పొరపాటున లేనిచోట మనిషిని చూస్తే పోయేదేం లేదు, ఉన్నచోట చూడకపోతేనే ప్రమాదం, అందుకని మన మెదడు చూసే వైపే మొగ్గుతుంది. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు ఒక చిన్న ఫిల్మ్ తయారుచేశారు. అందులో పెద్ద త్రిభుజం, చిన్న త్రిభుజం, చిన్న చక్రం, తలుపున్న ఒక పెట్టె, ఇంతే. అవి అటూ ఇటూ కదులుతాయి. ఏం చూశారో రాయమని 34 మందిని అడిగితే ఒక్కరు మాత్రమే త్రిభుజం ఇటు పోయింది, చక్రం అటు పోయింది అని ఆకారాల భాషలో రాశారు. మిగతా అందరూ కథలు రాశారు, పెద్దది రౌడీ అని, చక్రం భయపడి ఇంట్లో దాక్కుందని. త్రిభుజానికి కోపం అంటగట్టేవాళ్లం, వంగిన ఎర్ర పట్టీకి దుఃఖం అంటగట్టమా?

గుత్తి రోడ్డు గారు, దీన్ని బట్టి అంతా ఉత్తిదే అని మాత్రం అనుకోకండి. ఆ ఫిల్మ్ చూసినవాళ్ల కథలు చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. పెద్ద త్రిభుజాన్ని ఎక్కువమంది దౌర్జన్యం చేసేదిగానే చూశారు. ఆకారం, కదలిక మనల్ని ఒక వైపుకి నెడతాయి.

అన్నగారూ, మీ ఇంటావిడ టెన్షన్ సంగతికి వస్తే, బొమ్మను చూసి పిల్ల మనసు చెప్పడం కుదరదు. రోర్‌షాక్ ఇంకు మరకల పరీక్ష గురించి వినే ఉంటారు, 1921లో వచ్చింది, పది కార్డులు. అందులో కూడా పరీక్షించేది మరకను చూసి మాట్లాడేవాణ్ని, మరక వేసినవాణ్ని కాదు. ఆ లెక్కన మీ చుట్టాలు "ఏదో బాధ ఉంది" అన్నది వాళ్ల గురించి ఏమన్నా చెప్తుందేమో గానీ పాప గురించి చెప్పదు. పైగా కాన్వాస్ అంత పెద్దదంటే రోజుల తరబడి పని, కొలతలు, రంగు ఆరేదాకా ఎదురుచూడటం. నవ్వుతూ పాటలు వింటూ కూడా దిగులు బొమ్మ వేయొచ్చు, నాటకంలో ఏడిచే పాత్ర వేసినవాడు ఇంటికి పోయి హాయిగా అన్నం తినడా. పిల్ల గురించి నిజంగా అనుమానం ఉంటే నిద్ర, తిండి, స్నేహితులు, చదువు వీటిలో మార్పు చూడండి, నేరుగా కూర్చుని మాట్లాడండి. మీరు రాసినదాన్ని బట్టి అవన్నీ బాగానే ఉన్నాయి. చుట్టాలతో ఆ మాట ఇంకోసారి అననివ్వకండి, పాప చెవిన పడితే ఇక బొమ్మలు ఇంటికి తేదు.

బొగ్గుముక్క, అనంతపురం

గుత్తి రోడ్డు అన్నా, బెలుం పోలిక బాగుంది, అక్కడినుంచే జవాబు చెప్తా. గుహలో నీళ్లకు ఆగడం తెలియదు. సింహం వచ్చింది, చాలు, ఇక కారొద్దు అని నీళ్లు అనుకోలేదు. బొమ్మ వేసేవాళ్లు అనుకుంటారు. రంగు కారినప్పుడు గుడ్డతో తుడిచేయొచ్చు, కాన్వాస్‌ను పడుకోబెట్టొచ్చు, మీద ఇంకో పొర వేయొచ్చు. ఆ అమ్మాయి ఇవేవీ చేయలేదు, కారినదాన్ని ఉండనిచ్చింది. అంటే ఎక్కడో అది సరిపోయిందనిపించింది. మనిషని అనుకుని ఉంచి ఉండకపోవచ్చు, కానీ ఉంచాలనే ఉంచింది. మనం మాట్లాడుకోవాల్సింది ఆ ఉంచిన దాని గురించి.

ఎవరు ఏమన్నా సరే అని నేను అనలేదు. నా క్లాసులో ఒక్కటే రూలు, నీకు కనపడింది బొమ్మలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. "నాకు బాధగా ఉంది" అంటే చాలదు, ఏ రంగు దగ్గర, ఏ గీత దగ్గర? అవ్వ చూపించగలదు, ఇదిగో వంపు, ఇదిగో తల, ఇదిగో కారింది. "దేశ ఆర్థిక పరిస్థితి మీద వ్యాఖ్య" అని ఎవరన్నా అంటే వేలు పెట్టడానికి చోటుండదు. అట్లా చాలా మాటలు వాటంతటవే రాలిపోతాయి. మిగిలినవాటిలో ఒకటికి మించి నిలబడొచ్చు, నిలబడనీండి.

అసలు మనిషే లేకుండా మనిషి బాధను చూపించాలన్నవాళ్లున్నారు. అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో మొదట మనుషుల్నే వేసేవాడు, మెట్రో స్టేషన్లలో సన్నగా పొడుగ్గా నిలబడ్డవాళ్లని. తర్వాత తన కాలంలో మనిషి ఆకారాన్ని ఛిద్రం చేయకుండా వాడుకోలేకపోయామని చెప్పి ఆకారాలే వదిలేశాడు. మిగిలింది ఒకదాని మీద ఒకటి రంగు పలకలు, అంచులు పొగలాగా. కానీ తనను రంగుల కూర్పుల కళాకారుడంటే ఒప్పుకునేవాడు కాదు, విషాదం, పరవశం, వినాశం లాంటి మనిషి భావాలే తన విషయమనేవాడు. ఆయన బొమ్మల ముందు జనం ఏడ్చారు కూడా. హ్యూస్టన్‌లో ఆయన పేరుతో ఉన్న ప్రార్థనా మందిరంలో 14 పెద్ద కాన్వాస్‌లు, దాదాపు నల్లగా ముదురు ఊదాగా, 1971లో తెరిచారు, అప్పటికే ఆయన చనిపోయాడు. ఒక్క కన్ను, ఒక్క ముక్కు లేదు అందులో.

జమ్మలమడుగు_అక్క

నాకు కాండిన్‌స్కీ, రోత్కో తెలియరు గానీ ముఖం లేని రూపం మనకేమన్నా కొత్తా మాస్టారూ? మా ఊరి బయట వేపచెట్టు కింద సుంకులమ్మ ఒక గుండు రాయి. పసుపు పూసి కుంకుమ పెట్టి చీర చుడతారు. జాతరప్పుడు వెండి కళ్లు అతికిస్తారు, మిగతా ఏడాదంతా అవి కూడా ఉండవు. అయినా "ఈసారి అమ్మ కోపంగా ఉందమ్మా" అని మా పెద్దమ్మ రాయిని చూసి చెప్పేది, ఆ ఏడు వానలు పడకపోతే ఊరంతా నమ్మేది. మొహర్రం నెలలో పీర్లను చూడండి, గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి అనంతపురం జిల్లా నుంచే కాదు ఎక్కడెక్కడినుంచో పోతారు. కర్రకు గుడ్డలు, పూలు, పైన లోహపు రేకు. ఎత్తుకుని నడుస్తుంటే మనిషి నడిచొచ్చినట్టే ఉంటుంది, చివరిరోజు సాగనంపేటప్పుడు ఆడవాళ్లు నిజంగా ఏడుస్తారు. ఎవరన్నా ఇందులో ముఖమేదని అడిగారా?

అన్నా, మీది కర్నూలే కాబట్టి ఓర్వకల్లు పక్కన కేతవరం రాతిబొమ్మలు చూపించండి మీ అమ్మాయికి, చూసే ఉంటుందేమో. వేల ఏళ్ల కిందటివి, గీతల మనుషులు, జంతువులు, ముఖాలు ఉండవు. వేసినవాళ్లు ఏమనుకున్నారో అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు, అయినా చూస్తూనే ఉన్నాం.

ఒక్కటి మాత్రం అడగాలి. నీలం, బూడిద అంటే దిగులు అని అందరూ ఎట్లా అనేస్తున్నారు? ఎర్రటి పట్టీ కూడా ఉంది కదా, మా దగ్గర ఎరుపు కుంకుమ రంగు, పెళ్లి రంగు.

ఇటుకపొడి, కడప

అక్కా సరిగ్గా పట్టుకున్నారు. రంగుకు ఒక భావం అని జాబితా రాసిపెట్టుకుంటే ఎక్కడా పనికిరాదు. దిగులుకు నీలం అనేది మనకు ఇంగ్లీషు వాళ్ల నుంచి వచ్చిన అలవాటు. నాట్యశాస్త్రం ప్రకారం చూస్తే కరుణ రసానికి చెప్పింది పావురం రంగు, అంటే బూడిద. నీలం భీభత్సానికి. ఎరుపు రౌద్రానికి, నలుపు భయానకానికి, శృంగారానికి నల్లని చామనచాయ. తెలుపు హాస్యానికి ఇచ్చారు, మరి మన ఇళ్లలో తెల్లచీర కట్టించి ఎవర్ని మూల కూర్చోబెట్టేవాళ్లో అందరికీ తెలుసు. ఒకే నేల మీద పుస్తకం ఒకటి చెప్తుంది, ఇల్లు ఇంకొకటి చెప్తుంది. బొమ్మలో రంగు పక్కన ఏ రంగు ఉందో చూడాలి. చుట్టూ బూడిద ఉంటే ఇటుక ఎరుపు చల్లారిన పొయ్యిలా కనపడుతుంది, అదే ఎరుపు పసుపు పక్కన పెడితే పండగలా ఉంటుంది.

నేను కూడా ఇక్కడే ఫైన్ ఆర్ట్స్ చదివి బయటపడ్డాను, కాబట్టి అమ్మాయి కోపం ఎందుకో చెప్పగలను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే. ఎవరో ఒకరు "అదిగో మనిషి" అన్నారంటే ఇక బొమ్మ అయిపోయింది. కాన్వాస్‌లో ముప్పావు వంతు ఆ బూడిద రంగే కదా? పందెం కడతా, అమ్మాయి ఎక్కువ కష్టపడింది దాని మీదే. ఎన్ని పొరలు వేసిందో, ఎక్కడ గీకిందో, నీలం కింద నుంచి ఎంత తొంగిచూడాలో చూసుకుని ఉంటుంది. మనిషి దొరికాక ఆ బూడిదంతా "వెనకాల గోడ" అయిపోతుంది, దాన్ని ఎవరూ చూడరు. ఆమె కోపం "తప్పు చూశారు" అని కాదు, "చూడటం ఆపేశారు" అని. అవ్వ చూసింది చూడనీండి, మీరు మాత్రం ఒకసారి ఆ మనిషిని వదిలేసి కుడివైపు ఖాళీగా ఉందనుకున్నచోట ముక్కు దగ్గరగా పెట్టి చూడండి, తర్వాత గది చివరికి పోయి చూడండి. ఏమీ లేదనుకున్నచోట ఎంతో కొంత ఉంటుంది.

మాస్టారు చెప్పిన తలకిందుల పరీక్ష మంచిదే, నేనైతే అమ్మాయి లేనప్పుడు చేయొద్దంటా. తెలియకుండా తిప్పితే ఇంట్లో యుద్ధమే.

గుత్తి_రోడ్డు

వేలు పెట్టి చూపించమనే రూలు నచ్చింది, దాన్ని ఒప్పుకుంటా. పీర్ల సంగతి మాత్రం వేరు అక్కా, అక్కడ భక్తి ఉంది, అందరికీ ముందే కథ తెలుసు. కథ తెలియని బొమ్మకు ఏడ్చినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

హంద్రీ_ఒడ్డు, కర్నూలు

అందరికీ ధన్యవాదాలు, ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. అమ్మాయికి ఈ చర్చ చూపించాను, ఇటుకపొడి గారు రాసింది చదివి "ఎవరీయన, నాకు తెలిసినాయన కాదు కదా" అని అడిగింది. బూడిద రంగు సంగతి నిజమేనట, దాని మీదే ఎక్కువ రోజులు పట్టిందట, కింద మొత్తం ఎరుపే ఉండేదట, దాన్ని కప్పేసిందట. నాకు అది వినేదాకా ఆ ఎరుపు బూడిద మీద వేశారనే ఉంది. తీరా దగ్గరికి పోయి చూస్తే నిజమే, ఎరుపు కిందుంది, బూడిదే దాన్ని చుట్టుముట్టి కొంచెం మిగిల్చింది.

మాస్టారు చెప్పినట్టు ఎక్కడ మొదలుపెట్టావని అడిగితే గండికోట అంది. క్లాసు వాళ్లంతా పోయినప్పుడు పెన్నా లోయ అంచున కూర్చుని రాతి పొరలు గీసుకుందట, ఆ ఎర్రరాయి పలకలు పలకలుగా వంగి ఉంటుంది కదా, అక్కడినుంచి వచ్చిందట ఆ వంపు. తెల్లగా కారింది మాత్రం అనుకోకుండా జరిగింది, తుడవబోయి ఆగాను అంది. ఎందుకు ఆగావంటే భుజాలు ఎగరేసింది. మా అత్త పక్కనే కూర్చుని వింటోంది. "రాయైతే రాయి, కానీ ఏడుస్తోంది" అని తేల్చేసింది. అమ్మాయి ఈసారి కోప్పడలేదు, నవ్వింది.

తలకిందుల పరీక్ష కూడా అమ్మాయే దగ్గరుండి చేసింది. మనిషి పూర్తిగా పోయింది, ఎరుపు పైనుంచి వేలాడుతున్నట్టు వచ్చింది. నాకైతే దిగులు కూడా పోయింది, కొంచెం భయంగా అనిపించింది. నా భార్యకు మాత్రం ఏమీ తేడా లేదట, అప్పుడూ ఇప్పుడూ బరువుగానే ఉందంది. ఇద్దరిలో ఎవరిది సరైనదో మాస్టారే చెప్పాలి. చుట్టాల సంగతి లెక్చరర్ మేడమ్ రాసింది నా భార్యకు చదివి వినిపించాను, ఆ టెన్షన్ తగ్గింది.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. ముఖం కాకుండా ఒంటి తీరు చూడటం అలవాటు కావాలంటే మన దగ్గర్లో చూపించడానికి ఏమున్నాయి? ఢిల్లీ, బొంబాయి మ్యూజియంలు ఇప్పట్లో కుదరవు. మా అత్తను కూడా తీసుకుపోవాలి, మెట్లు ఎక్కువ ఎక్కలేదు.

బొగ్గుముక్క, అనంతపురం

ఇద్దరిదీ సరైనదే అన్నా. మీకు భావం వంపు దగ్గర దొరికింది, మీ ఇంటావిడకు రంగు దగ్గర దొరికింది, ఇద్దరూ వేలు పెట్టి చూపించగలరు కదా. గుత్తి రోడ్డు అన్నకు నేను బాకీ ఉన్న జవాబు కూడా ఇక్కడే ఉంది, గండికోట కథ తెలియకముందే మీ అత్తగారు ఏడుపు చూసింది.

లేపాక్షికి పోండి. కర్నూలు నుంచి దూరమే, హిందూపురం చేరితే అక్కడినుంచి ఇంచుమించు 15 కిలోమీటర్లు. పదహారో శతాబ్దంలో విజయనగర కాలంలో వేసిన బొమ్మలు వీరభద్రస్వామి గుడి మండపం పైకప్పు నిండా ఉన్నాయి. కాషాయం, ఎరుపు, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ. అక్కడ ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, కోసుగా ముక్కు, పెద్ద కన్ను, దాదాపు అందరికీ ఒకటే తీరు. అందుకే నేర్చుకోవడానికి మంచి చోటు, ముఖాన్ని బట్టి ఎవరు బాధలో ఉన్నారో ఎవరు సంబరంలో ఉన్నారో తెలియదు, మెడ, నడుము, చేతుల్ని బట్టే తెలుస్తుంది. దూడ చనిపోతే న్యాయం కోసం ఆవు రాజు దగ్గరికి వచ్చే మనునీతి చోళుని కథ ఉంది, పార్వతీ కల్యాణం ఉంది, కిరాతార్జునీయం ఉంది. అమ్మాయిని పేర్లు చెప్పొద్దనండి, ముందు అత్తగారిని చెప్పమనండి ఎవరు ఏం చేస్తున్నారో, తర్వాత కథ చెప్పండి.

కొన్నిచోట్ల రంగు రాలిపోయి సగం మనిషే మిగిలాడు, అవి కూడా వదలకండి, అక్కడ ఆగి మిగతా సగం ఎట్లా ఊహించుకుంటున్నామో గమనిస్తే ఈ చర్చంతా మళ్లీ గుర్తొస్తుంది. పైకప్పు చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది, అత్తగారిని స్తంభానికి ఆనుకుని కూర్చోబెట్టండి. ఫ్లాష్ కొట్టొద్దు. గుడి రాతి గుట్ట మీదుంది, చెప్పులు బయటే వదలాలి, ఎండాకాలం మధ్యాహ్నం బండ కాలిపోతుంది, అందుకని పొద్దున్నే చేరుకునేట్టు ముందురోజు హిందూపురంలో ఉండండి.